గమనిక

రైల్వేస్టేషన్లలో 'ప్రయాణికులకు గమనిక' అన్న శీర్షిక చూడనివాళ్ళు ఉండరు. లింగంపల్లి స్టేషన్లో రోజూ దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు దాని కింద రాసింది చదువుకుని వెళ్ళిపోతారు. ఆ శీర్షికలోని రెండు మాటలకూ ఉన్న చుట్టరికం మాత్రం ఎవరి కంటా పడదు. ప్రయాణంలో ఉన్నది 'యా' ధాతువు, గమనికలో ఉన్నది 'గమ్' ధాతువు. రెండింటికీ అర్థం పోవడమే. అలాంటప్పుడు పొమ్మనే మాట ఆగి చూడమని చెప్పే మాట ఎలా అయింది?

గమ్ ధాతువుది పెద్ద కుటుంబం. గమ్యం అంటే చేరవలసినది. చేరిన మరుక్షణం అది గతం. రెండూ ఒకే ధాతువుకు పుట్టిన అన్నదమ్ములు, తేడా అంతా ప్రత్యయంలోనే. చేరవలసిన ఊరి మీదే మనసు పెట్టుకున్నవాడికి ఆ ఊరు గమ్యంగా దక్కేది రెప్పపాటు. మిగిలిన ప్రయాణమంతా గమ్యానికీ గతానికీ నడుమ సాగే గమనమే.

గతి అంటే మొదట నడకే. తెలుగులో 'ఇదే గతి' అనేసరికి తలరాత అయి కూర్చుంది. జగత్తు అంటే కదులుతూ ఉండేది. ఇంగ్లీషు 'కమ్' కూడా ఈ వంశంలోదేనని భాషాశాస్త్రవేత్తలు నిరూపించారు. మనవైపు పోవడంగా మిగిలిన మూలం, వాళ్ళవైపు రావడంగా స్థిరపడింది. ఇందులో విరోధమేమీ లేదు. గౌతమి ఎక్స్‌ప్రెస్ కదలగానే కాకినాడవాళ్ళు బండి పోయిందంటారు, తెల్లారాక లింగంపల్లివాళ్ళు అదే బండి వచ్చిందంటారు.

సంస్కృతంలో గమనం వట్టి పోవడమే. మన పాత కావ్యభాషలోనూ 'గమనించు' అంటే వెళ్ళడమే. వాడుకలోకి వచ్చాక ఆ క్రియ అడుగుల్ని వదిలి కళ్ళలోకి చేరింది. ఇవాళ 'గమనించాను' అంటే వెళ్ళానని ఎవరూ అనుకోరు. కన్నడంలోనూ ఇంతే, 'గమనిసు' అంటే కనిపెట్టి చూడడం. కోరిక, కలయిక, పొందిక అన్న అచ్చతెలుగు మాటలకు ఉన్న తోకనే గమనానికీ తగిలించి మనవాళ్ళు గమనిక చేసుకున్నారు.

ఈ మలుపు వెనక పాత శాస్త్రసూత్రం ఒకటుంది. పోవడమనే అర్థమున్న ధాతువులకు తెలుసుకోవడమనే అర్థమూ ఉంటుందని సంస్కృత వైయాకరణులు చెబుతారు. సాక్ష్యాలు మన నోట్లోనే ఉన్నాయి. అర్థమైందనడానికి 'అవగతమైంది' అంటాం, అది గమ్ సంతానమే. అధ్యయనంలోనూ ఉత్తరాయణంలోనూ రామాయణంలోనూ ఉన్న 'అయనం' ఒక్కటే, దానర్థం పోవడమే. పుస్తకం ముందు కూర్చున్నవాడూ అరణ్యానికి బయల్దేరినవాడూ ఒకే మాటలో నడుస్తున్నారు.

అచ్చతెలుగు దీనికి ఇంకో మెట్టు కట్టింది. నడక నుంచి నడత పుట్టింది, నడవడి పుట్టింది. కాళ్ళు వేసే అడుగుకూ మనిషి గుణానికీ ఒకే క్రియ. 'వాడి నడక బాగోలేదు' అంటే ఊళ్ళో ఎవరూ వైద్యుడి కోసం వెతకరు.

అయితే పోయే ప్రతివాడూ తెలుసుకుంటాడా? ఆ సందేహం భాషకూ కలిగినట్టుంది. 'భ్రమ్' అని మరో ధాతువుంది, దానర్థం తిరగడం. భ్రమణం దాని నుంచి వచ్చింది, భ్రమరం దాని నుంచి వచ్చింది, భ్రమ కూడా దాని నుంచే వచ్చింది. తెలుగులోనూ తిరగడానికి పక్కనే తల తిరగడం ఉంది. పోతే జ్ఞానం, ఊరికే తిరిగితే భ్రాంతి. అడుగులు రెండింటికీ ఒకలాంటివే. వేరు చేసేది గమనిక.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లలితకళలు బోధించిన ఆచార్య ఎం. ఆదినారాయణ తన పాదయాత్రల పుస్తకానికి 'భ్రమణకాంక్ష' అని పేరు పెట్టారు. ఆయన నడిచిన భ్రమణం భ్రమ కాలేదు. కాలినడకన పోయేవాడికి ప్రతి ఊరి పొలిమేరా తగులుతుంది, ప్రతి గడపా ఎదురవుతుంది. నడక వేగం చూపు వేగానికి సరిపోతుంది.

నడవడం కుదరనివాళ్ళ మాటేమిటి? వాళ్ళకూ దారి ఉంది. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలెక్కితే వరసగా తగిలే స్టేషన్లు చందానగర్, హఫీజ్‌పేట, హైటెక్ సిటీ. ఈ రైళ్ళు 2003లో మొదలయ్యాయి. మెడలో ఐడీ కార్డు, చెవుల్లో ఇయర్‌ఫోన్లతో రోజూ ఎంతోమంది ఆ నాలుగు పేర్లూ దాటుతారు. పేర్ల చివరలు మాత్రం కలిపి చదవండి. పల్లి, నగరం, పేట, సిటీ. మనిషి స్థిరపడిన చోటుకు పెట్టుకున్న నాలుగు మాటలు ఒకే పట్టాల మీద వరసగా నిలబడి ఉన్నాయి. పల్లి, పేట ద్రావిడం. నగరం సంస్కృతం. సిటీ లాటిన్‌లో పుట్టి ఇంగ్లీషు మీదుగా వచ్చింది.

పల్లిని ఇంకాస్త తవ్వితే తమిళంలో 'పళ్ళి' తగులుతుంది. అక్కడ దానికి చిన్న ఊరనే కాక పడకటిల్లనీ, జైన బౌద్ధ మునుల విడిది అనీ, బడి అనీ అర్థాలున్నాయి. తమిళులు బడిని నేటికీ 'పళ్ళిక్కూడం' అంటారు. లింగంపల్లికి దగ్గర్లోనే 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం వెలిసింది. చుట్టూ సందుసందునా ఉద్యోగుల హాస్టళ్ళు. చదువూ పడకా రెండూ ఆ పల్లెలోకి తిరిగి వచ్చినట్టే.

ఇక సిటీ. దాని పూర్వరూపం లాటిన్ 'సివితాస్', ఆ మాటకు ఆధారం పౌరుడనే అర్థమిచ్చే 'సివిస్'. ఈ సివిస్‌కూ మన శయనంలోని 'శీ' ధాతువుకూ మూలం ఒకటేనంటారు భాషాశాస్త్రవేత్తలు. 'శివ' శబ్దాన్నీ ఆ వంశంలోనే చేరుస్తారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభంతో మొదలైన హైటెక్ సిటీ పేరు అడుగున కూడా ఒళ్ళు వాల్చి స్థిరపడడమనే పాత అర్థమే ఉంది. పొద్దున్నే సిటీకి పోయి రాత్రికి పల్లికి చేరే ఉద్యోగి, రెండు వైపులా విశ్రాంతి అనే మాటల మధ్యే పరుగులు తీస్తున్నాడు. ఈ సంగతి తెలిసినవాడు తన పరుగును ఒక్కసారైనా నిలబడి చూసుకుంటాడు.

నిలబడి చూసినవాడిగా తెలుగులో మొదట చెప్పుకోవలసిన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణం సుప్రీంకోర్టులో ఆయన ఇంటర్‌ప్రిటరు, రెండు భాషల నడుమ నిలబడడమే వృత్తి. 1830 మే 18న బయల్దేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. బయల్దేరింది తీర్థయాత్రకు. రాసింది మాత్రం దారి రాతినేలా ఇసుకనేలా, బసకు చోటుందా, అంగళ్ళలో ఏం దొరుకుతుంది, ఏటిని ఎలా దాటాలి అన్న వివరాలు. నడుమ నడుమ సృష్టిని గురించీ ఈశ్వరుణ్ణి గురించీ తన తర్కం. మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె 1838లో అచ్చువేసిన 'కాశీయాత్ర చరిత్ర' వాడుకభాషలోనే ఉంది. రాయి, ఇసుక చూసిన కంటితోనే ఆయన దేవుణ్ణీ చూశారు.

మన పెళ్ళిళ్ళలోనూ కాశీయాత్ర ఉంది. గొడుగు, చేతికర్ర పట్టుకుని పెళ్ళికొడుకు బయల్దేరితే, బావమరిది బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. గుమ్మం దాటకపోయినా అతను బ్రహ్మచారిగా వెళ్ళి గృహస్థుగా తిరిగి వచ్చినట్టే లెక్క. దూరంతో పనిలేదని మన పెద్దలకు తెలుసు.

ప్రయాణం మనిషిని తనకు ఎలా చూపిస్తుందో లింగంపల్లి ప్లాట్‌ఫారం బయటే తెలుస్తుంది. గోదావరి జిల్లా నుంచి దిగిన కుర్రాణ్ణి ఆటో అన్న 'యాడికి పోవాలె?' అని అడుగుతాడు. 'కొండాపూర్ అండీ' అంటాడతను. పుట్టినప్పటి నుంచీ అంటున్న ఆ 'అండీ' అతని చెవికి అతనికే మొదటిసారి వినపడేది అప్పుడే. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అది గాలిలాంటిది. పరాయి యాస తగిలాకే తన యాస ఉందని తెలిసింది. తిండి, మొహమాటం, భయం, గర్వం కూడా ఇలాగే, వేరే చోట నిలబడితేనే బయటపడతాయి.

ఇక్కడ తెలుగు వ్యాకరణం మరో అడుగు ముందుకు వేస్తుంది. క్రియ ఫలితం చేసినవాడికే చెందేటప్పుడు మనం 'కొను' చేరుస్తాం. నేర్చుకొను, తెలుసుకొను, దిద్దుకొను, మార్చుకొను. మనిషి ఎదుగుదలకు సంబంధించిన మాటల్లో ఎన్నింటికో ఈ తోక ఉంది. గమనించుకొను కూడా ఆ జట్టులోదే. ఊరిని గమనించేవాడు యాత్రికుడు. ఊరిని చూస్తూ తనను గమనించుకునేవాడు ఎదిగే మనిషి. కొను అంటే విడిగా వెల ఇచ్చి తీసుకోవడం. టికెట్టు కొంటే గమనం దక్కుతుంది. గమనికకు వెల శ్రద్ధ, దాన్ని ఎవరిది వాళ్ళే చెల్లించాలి.