గాడ్విన్ రాసిన జీవిత చరిత్ర: పాఠకులు ఏం చదివారు?

మేరీ వోల్‌స్టన్‌క్రాఫ్ట్ 1797 సెప్టెంబరు 10న లండన్‌లో మరణించింది. అంతకు పదకొండు రోజుల ముందు ఆమె కన్న కూతురే తరవాత 'ఫ్రాంకెన్‌స్టయిన్' రాసిన మేరీ షెల్లీ. భర్త విలియం గాడ్విన్ స్వయంగా పేరున్న రాజకీయ తాత్త్వికుడు. అయిదు నెలలు తిరక్కుండానే, 1798 జనవరిలో, అతను భార్య జీవిత చరిత్రను ప్రచురించాడు.

ఆ పుస్తకం పేరు గమనించదగ్గది. అందులో ఆమె పేరు లేదు. 'స్త్రీ హక్కుల సమర్థన' రచయిత్రి జ్ఞాపకాలు అని మాత్రమే ఉంది. 1792లో వచ్చిన ఆ గ్రంథమే ఆమె చిరునామా అని గాడ్విన్ ఉద్దేశం. పాఠకులు దాన్ని తలకిందులు చేశారు. గ్రంథాన్ని బట్టి మనిషిని కాక, మనిషిని బట్టి గ్రంథాన్ని తూచారు.

గాడ్విన్ ఏమీ దాచలేదు. విప్లవకాలపు పారిస్‌లో ఇమ్లే అనే అమెరికన్‌తో పెళ్లి లేకుండా కాపురం, కూతురు పుట్టడం, అతను వదిలేశాక 1795లో రెండుసార్లు ఆత్మహత్యాప్రయత్నం, 1797 మార్చిలో తమ పెళ్లినాటికే ఆమె గర్భవతి కావడం, అన్నీ రాశాడు. అవసాన సమయంలో ఆమె నోట దైవప్రస్తావన రాలేదనీ రాశాడు. చాటున ఉంచవలసినదేదీ ఆ జీవితంలో లేదని అతని నమ్మకం.

కాలం మాత్రం అనుకూలం కాదు. 1793 నుంచి బ్రిటన్ ఫ్రాన్సుతో యుద్ధంలో ఉంది. విప్లవాన్ని మెచ్చుకున్నవాళ్ల నడవడి మీద బురద చల్లడానికి ఎదురుచూస్తున్నవారికి ఈ పుస్తకం చేతికందింది. 'యాంటీ జాకొబిన్ రివ్యూ' తన విషయసూచికలో వ్యభిచారం అన్న మాట దగ్గర మేరీ పేరు చూడమని రాసింది. భాషాశాస్త్రం చదివినవాణ్ణి కనుక నాకు ఈ దెబ్బే ఎక్కువ క్రూరంగా కనిపిస్తుంది. ఖండనకు జవాబు చెప్పవచ్చు, సూచికకు ఏం చెబుతాం? రిచర్డ్ పోల్వీల్ అదే ఏడాది ఆమెనూ ఆమె బాటలోని రచయిత్రులనూ ఎగతాళి చేస్తూ కావ్యమే రాశాడు. మేరీని గౌరవించిన కవి సదే సైతం, చనిపోయిన భార్యను గాడ్విన్ వివస్త్రను చేశాడని బాధపడ్డాడు.

మిత్రుల మౌనం ఇంకా బరువైనది. 1797లో మేరీకి నివాళి రాసిన మేరీ హేస్, 1803లో ఆరు సంపుటాల స్త్రీల జీవిత చరిత్రలు వెలువరించింది. వాటిలో వోల్‌స్టన్‌క్రాఫ్ట్ లేదు.

గాడ్విన్ ఆ ఏడాదే రెండో ముద్రణలో కొన్ని వాక్యాలు మార్చాడు. అసలు సంగతులు తీసెయ్యలేదు. అతను తొందరపడ్డాడనేవారితో నేను కొంతవరకే ఏకీభవిస్తాను. తరవాతి జీవితచరిత్రకారులందరూ ఆ పుస్తకం మీదే ఆధారపడ్డారు కదా.

మనకు దగ్గరి సంగతి ఒకటుంది. మేరీ ఆలోచనల మీద 1898లో వచ్చిన ఒక పరిశోధన గ్రంథం రచయిత్రి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్. బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన ఈమె బాప్టిస్టు తెలుగు మిషనుకు చెందినది, ఒంగోలు క్లఫ్ దొర భార్య. మతస్థులు దూరం పెట్టిన రచయిత్రిని ఒక మిషనరీ చేతిలోకి తీసుకుంది. మరుసటి ఏడాదే, 1899లో, మాదిగల కథలను 'వైల్ సూయింగ్ శాండల్స్' పేరుతో ఇంగ్లీషులో అచ్చువేయించింది. ఆమె రాసిన ఈ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి చదివే పని మీలో ఎవరైనా చేపట్టవచ్చు.