చెరువు మట్టి, చెలక నేల

సూర్యాపేట సీమ వ్యవసాయ చరిత్రను వ్రాయబూనినవారు చెరువు నీటిని గూర్చి విస్తారముగా ముచ్చటింతురే గాని, ఆ చెరువు గర్భమున ఏటేట పేరుకొని, వేసవిలో బండ్లకెక్కి చెలకలకు తరలిన ఒండ్రుమట్టిని గూర్చి ఒక్క మాటయైనను చెప్పరు. నా యెరుకలో నీటి ఋణముకంటె ఆ మట్టి ఋణమే పెద్దది.

కాకతీయ సామంతులైన రేచెర్ల రెడ్లు 12వ శతాబ్ది చివరను, 13వ శతాబ్ది మొదటను ఈ సీమలోని పిల్లలమర్రిలో ఆలయములెత్తించిరి. ఆలయమువలెనే తటాకమును గూడ, పుణ్యమునిచ్చు సప్తసంతానములలో నొకటిగా నెంచిన కాలమది. దాతకు పుణ్యము తెచ్చిన చెరువు రైతునకు ఎరువును గూడ తెచ్చెను: వానకు కొట్టుకొనిపోయిన పైమన్ను, ఆకు అలము, పసుల పేడ, అన్నియు నందే చేరి మ్రగ్గును. ఇచటి ఎర్ర చెలక ఇసుకపాలు హెచ్చైనది. తడి నిలువదు, సారము నిలువదు. జిగట గల చెరువుమట్టి కలిసినచో రెండును నిలుచును. ఒకమారు తోలిన మట్టి పలు పంటలకు పనిచేయును.

దానికి తోడు పెంటకుప్ప యుండెను. మాగాణిలో జీలుగ, జనుము, కానుగ రొట్ట త్రొక్కించుట యుండెను. అన్నిటికంటె తెలివైన యేర్పాటు మంద పెట్టుట. కోతలైన పొలమున గొల్ల కురుమల గొఱ్ఱెలు రాత్రులు పండుకొనగా, పెంటికయు మూత్రమును మోతకూలి లేకయే నేలకు దక్కును. కాపరికి రైతు ధాన్యమిచ్చును. పెంటకుప్పకు మాత్రము లోపము లేకపోలేదు. ఎండకెండి, వానకు కారి, సారము చాలవరకు వృథాయగును. ఇండోరులో వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవార్డు 1931 నాటికి స్థిరపరచిన కంపోస్టు పద్ధతి, చెత్తను, పేడను, మట్టిని పొరలుగా పేర్చి, తడి చూచి, తిరుగవేసి ఆ లోపమునే సవరించెను.

1967లో నాగార్జునసాగరము నుండి నీరు విడుదలయైన పిదప ఎడమకాలువ క్రింద మిర్యాలగూడ, కోదాడ ప్రాంతములు వరిసీమలయ్యెను. వరితోపాటు రసాయనపుటెరువు బస్తాలలో వచ్చుచుండగా పూడిక నెవరు తలకెత్తుకొందురు? 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకము మిషన్ కాకతీయలో ప్రభుత్వము పూడిక త్రవ్వించగా, రైతులు స్వంత ఖర్చుతో మట్టిని ట్రాక్టర్లపై తోలుకొనిరి. పాత మర్యాద యంత్రమెక్కి తిరిగి వచ్చెననవచ్చును.

పెరటి బీరపాదుకైనను, సొరపాదుకైనను చెరువుమట్టి కోరువారు ముందుగా దానిని పరీక్ష చేయించి, చౌడు లేదని తేలిన పిదపనే, మాగిన పెంటతో కలిపి వేసికొందురుగాక.