అధికారపు మాటలు - అసలు అర్థాలు

హన్మకొండలోని సుబేదారి మన కొత్తవాడ వారందరికీ తెలిసినదే. నిజాం కాలంలో వరంగల్ సుబా అధికారియైన సుబేదారు వల్ల వచ్చిన పేరది. పారశీకంలో 'దార్' అనగా కలిగినవాడు. అరబ్బీ 'తహసీల్' అనగా వసూలు. తహసీల్దారంటే వసూలు చేసేవాడన్నమాట! రైతు కచేరీ మెట్లెక్కడానికి జంకేవాడంటే ఆశ్చర్యమేముంది? 1948లో నిజాం పాలన పోయింది. 1985లో మండలాలు ఏర్పడి తహసీల్దారు ఎం.ఆర్.ఓ. అయ్యారు. కాని జనం నోట, ఆ పిదప ప్రభుత్వ కాగితాల్లోనూ పాత పేరే నిలిచింది.

మరి 'ఉద్యోగం'? ఇది సంస్కృతం. పూనిక, ప్రయత్నం అని దీని అసలు అర్థం. భారతంలో ఉద్యోగపర్వం అంటే యుద్ధప్రయత్నమే కదా! ఆ మాటలో పెత్తనం లేదు, జీతమూ లేదు. పదవీ విరమణతో కుర్చీ పోతుంది, పూనిక పోనక్కరలేదు. కచేరీ మెట్ల దగ్గర జంకే సామాన్యునికి ఒక దరఖాస్తు రాసిపెట్టినా మనం ఉద్యోగులమే.