ఉల్లిపువ్వుకి పెరట్లో చోటేదీ?

మా తిరువూరులో ఏ పెరడు చూసినా మల్లె, మందారం, కనకాంబరం, నందివర్ధనం ఉంటాయి. కాస్త ఓపికున్నవాళ్ళు లిల్లీ దుంపలు కూడా పాతుకుంటారు. ఉల్లిని మాత్రం పువ్వు కోసం పెంచినవాళ్ళని నేనింతవరకూ చూడలేదు. ఉల్లికి పువ్వేమిటి అంటారా? బుట్టలో మొలకెత్తిన పాయని కార్తీకంలో మట్టిలో గుచ్చి వదిలేయండి. చలి బాగా ఉన్న ఏడు బోలు కాడ మీద తెల్లటి బంతి లేస్తుంది. దగ్గరికెళ్ళి చూస్తే అది ఒక పువ్వు కాదు, వందల బుల్లి నక్షత్రాలు.

అమెరికాలో ఇళ్ళు కొనుక్కున్న మనవాళ్ళకి ఇది వేరే రూపంలో పరిచయమే. మే నెలలో నడుమెత్తు కాడల మీద ఊదారంగు బంతుల్లా పూసే 'ఆలియం' ఉంటుంది చూశారూ, అది మన ఉల్లికి దాయాదే. జింకలు ముట్టవని డాలర్లు పోసి మరీ దుంపలు కొంటారు. అదే కుటుంబం మన దగ్గర వంటింటి గడప దాటి పూలమడిలోకి ఎందుకు రాలేదన్నది నా ప్రశ్న.

వాతావరణం అని ఒక్క ముక్కలో తేల్చేయొచ్చు. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, మన పెరటి పువ్వుకి ఉద్యోగాలు రెండే: దేవుడి పటం, ఆడవాళ్ళ జడ. ఉల్లి వాసన వేసే పువ్వు ఈ రెండు ఇంటర్వ్యూల్లోనూ మొదటి రౌండ్లోనే పోతుంది :)

ఆ వాసన మీద కోపం చాలా పాతది. మనుస్మృతి ఐదో అధ్యాయం ద్విజులకి ఉల్లీ వెల్లుల్లీ నిషేధించిన సంగతి తెలిసిందే. ఐదో శతాబ్దం మొదట్లో వచ్చిన ఫాహియాన్, మధ్యదేశంలో ఇవి తినేది చండాలురు మాత్రమేనని రాశాడు. వాళ్ళు ఊరికి విడిగా బతకాలి, ఊళ్ళోకొస్తే కర్ర చప్పుడు చేస్తూ రావాలి. ఏడో శతాబ్దంలో మన వేంగి, ధాన్యకటకం దాకా వచ్చిన హ్యూయన్‌త్సాంగ్ కూడా దేశం మొత్తం గురించి చెబుతూ, ఇవి తినేవాళ్ళు తక్కువ, తింటే ఊరి గోడ బయటికి పంపేస్తారు అన్నాడు. ఇద్దరూ బౌద్ధ భిక్షువులు, వాళ్ళ నియమాల్లోనూ వెల్లుల్లి కూడదు. కాబట్టి నా మటుకు నేను దీన్ని కాస్త తగ్గించుకునే చదువుతాను. ఎవరూ తినకపోతే ఇన్ని నిషేధాలు రాయాల్సిన అవసరమే ఉండదు కదా. ఆ గోడ మాత్రం ఇంకా ఉంది లెండి. బెంగుళూరులో అద్దె ఇల్లు వెతికేటప్పుడు "ఉల్లి, వెల్లుల్లి వండుతారా?" అని అడిగి, జవాబు వినగానే ఫోన్ పెట్టేసిన ఓనరు నాకూ తగిలాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఈ టపా రాసేవాణ్ణి కాదు. 1890లో హామిల్టన్ బోవర్ అనే బ్రిటిష్ లెఫ్టినెంటు మధ్య ఆసియాలోని కూచాలో ఒక పాత భూర్జపత్ర ప్రతి కొన్నాడు. సంస్కృతం, గుప్తుల కాలపు లిపి. దాని మొదటి భాగంలోనే వెల్లుల్లి మీద స్తోత్రం లాంటి వైద్యం ఉంది. అమృతం తాగిన అసురుడి తల విష్ణువు నరికితే, రాలిన బొట్ల నుంచి వెల్లుల్లి పుట్టిందట, అందుకే బ్రాహ్మణులు తినరట. మరి వాళ్ళకి జబ్బు చేస్తే? ఆవుని మూడు రోజులు దాదాపు పస్తు పెట్టి, గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి మేపి, ఆ పాలూ నెయ్యీ వాడుకోమంటుంది. ఫైర్‌వాల్ దాటడానికి ప్రాక్సీ పెట్టుకోవడం మన కనిపెట్టుడేమీ కాదన్నమాట. నాకు ఇంకా నచ్చింది మరొకటి. చలికాలంలో వెల్లుల్లి పండగ చేసుకుంటూ ఇంటి ముంగిట, కిటికీల పైన వెల్లుల్లి దండలు కట్టాలట. అంటే ఉల్లి జాతిని అలంకారానికి వాడమన్న సంస్కృత పుస్తకం ఒకటుంది!

ఇక ఆ ఊదా బంతుల సంగతి. 1865లో తాష్కెంటు, 1868లో సమర్కందు రష్యా చేతికి చిక్కాయి. సైన్యం వెనకాలే మొక్కలు ఏరేవాళ్ళు వెళ్ళారు. సెంట్ పీటర్స్‌బర్గ్ వృక్షోద్యానంలో ఎడ్వర్డ్ రెగెల్ ఆ దుంపల్ని పరిశీలించి 1875లో ఉల్లి జాతి మీద ఒక గ్రంథమే రాశాడు. ఇవాళ అమ్ముతున్న ఆలియం జైగాంటియంకి పేరు పెట్టిందీ ఆయనే. తర్వాత డచ్చివాళ్ళు వాటిని వ్యాపారం చేశారు. అవి మంచు కురిసే కొండల మొక్కలు. వారాల తరబడి పది డిగ్రీల లోపు చలి తగిలితే గానీ కాడ సరిగ్గా లేచి పూయదు. తిరువూరులో సంక్రాంతికి కూడా అంత చలి ఎక్కడ? ఫ్రిజ్జులో పెట్టి ఒక ఏడు మభ్యపెట్టొచ్చు గానీ మే నెల ఎండకి ఆ దుంప మళ్ళీ కోలుకోవడం కష్టం.

మనకి పనికొచ్చేది వేరే ఉంది. చైనావాళ్ళు కూరల్లో వేసే గార్లిక్ చైవ్స్. శాస్త్రీయ నామం ఆలియం ట్యూబరోసం. ఆ పేరు పెట్టింది తరంగంబాడికి డేనిష్ మిషన్ తరఫున వచ్చి, మద్రాసులో స్థిరపడి, తమిళ నిఘంటువు కూర్చిన యోహాన్ పీటర్ రాట్లర్. 1825లో స్ప్రెంగెల్ పుస్తకంలో అది అచ్చయింది. కోరమాండల్ తీరంలో బతికిన మనిషి పేరు పెట్టిన పూల ఉల్లి, రెండు వందల ఏళ్ళయినా ఆ తీరపు పెరళ్ళలోకి రాలేదు.

పెంచడం కష్టమేమీ కాదు. బల్లపరుపు ఆకులతో గరికలా గుబురు కడుతుంది, తెల్లటి గుత్తులు పూస్తుంది. వెల్లుల్లికైతే మామూలుగా విత్తనమే కట్టదు, రెబ్బ పాతడమే దారి. దీనికి రెండు దారులూ ఉన్నాయి. గింజలయితే కొత్తవే కొనండి, ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది. అంతకంటే సుఖం గుబురు విడదీయడం. వానలు పడ్డాక శ్రావణంలో గుబురుని వేళ్ళతో సహా పైకి తీసి, నాలుగైదు పిలకల చొప్పున విడదీసి, ఆకులు సగానికి కత్తిరించి, జానెడు ఎడంగా నాటాలి. నల్లమట్టి అయితే ఇసుకా పశువుల ఎరువూ కలపండి, నీళ్ళు నిలిస్తే వేళ్ళు కుళ్ళుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం నీడ పడే చోటు చూడండి. పూలు వాడగానే తలలు తుంచేయాలి. నల్లగింజలు రాలాయంటే పక్కనున్న కనకాంబరం మడిలో కూడా ఇదే మొలుస్తుంది.