కాలువ గట్టున సువార్త: ఒంగోలు బోధకుల ప్రసంగ పద్ధతి (1866–1878)

ప్రసంగ శాస్త్రం పేరుతో మన వేదాంత కళాశాలల్లో నేర్పేది చాలావరకు వేదిక మీది పని: వాక్యభాగాన్ని ఎలా విభజించాలి, ఉదాహరణ ఎక్కడ చెప్పాలి, గొంతు ఎప్పుడు పెంచాలి. అది అక్కరలేదని కాదు. అయితే బోధ నమ్మకమైనదో కాదో వేదిక దిగాకే తేలుతుందని ఒంగోలు బాప్తిస్టు మిషన్ తొలినాళ్ల చరిత్ర చెబుతోంది.

తొలి బోధకుల్లో ముందుగా చెప్పుకోవలసినవాడు యర్రగుంట్ల పేరయ్య. మాదిగ కులస్థుడు. అప్పటికే యోగ మార్గంలో గురూపదేశం పొందినవాడు. తోళ్ల వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్లి అక్కడ సువార్త విన్నాడు. 1866లో బాప్తిస్మం పొందాక తన చుట్టాలున్న పల్లెల్లోనే బోధించాడు. విన్నవాళ్లకు అతని నడత ముందే తెలుసు. చెప్పిన మాటకు పూచీ అతని బతుకే.

ఆ బోధ సుఖమైనది కాదు. చేరదలచినవాళ్లకు మిషనరీ జాన్ క్లౌ మూడు షరతులు పెట్టాడు: ఆదివారం పని మానాలి, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలను కొలవకూడదు. చదవడానికి చిన్న నియమాల్లా కనిపిస్తాయి గాని, మూడూ మాదిగవాడికి ఊరితో ఉన్న కట్టుబాట్లనే తాకాయి. జాతరలో డప్పు కొట్టనంటే ఊరి పెద్దలు ఊరుకోరు. రైతు పిలిచిన ఆదివారం పొలానికి రానంటే గింజలు ఆగిపోతాయి. ఈ సంగతి దాచకుండా చెప్పడంలోనే ఆ బోధకుల నిజాయితీ ఉంది.

1876–78 కరువులో అసలు పరీక్ష వచ్చింది. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని క్లౌ గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బోధకులే మేస్త్రీలుగా నిలబడి, పని విరామాల్లో సువార్త చెప్పారు. బాప్తిస్మం అడిగినవాళ్లు ఎందరో ఉన్నా, కూడు కోసం చేరారన్న మాట రాకూడదని క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు సాయం ముగిశాక, 1878 జులై 3న, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మిషన్ చరిత్రలు ఈ అంకెనే పదేపదే చాటాయి. నా దృష్టిలో దానికి ముందు సాగిన నిరీక్షణ కాలమే పెద్ద సాక్ష్యం.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన ఆధారాలు ఎక్కువగా మిషనరీలు రాసినవే. పేరయ్య కథ కూడా ప్రధానంగా క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చు వేయించిన పుస్తకం ద్వారా మనకు దక్కింది. కరువు మనసుల్ని మెత్తబరచలేదని ఎవరూ అనలేరు. అయినా కూలి ఆగాక కూడా జనం వచ్చారన్నదాన్ని ఆకలి ఒక్కటే వివరించలేదు.

తిరిగి బోధకుల సంగతికి వస్తే, జులై 3న క్లౌ స్వయంగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఇద్దరిద్దరు చొప్పున వంతులు మార్చుకుంటూ గుండ్లకమ్మ నది నీళ్లలో నిలబడినవాళ్లు ఆరుగురు తెలుగు బోధకులు.