స్కాలర్‌షిప్ కబురు కోసం ఎదురుచూస్తున్నారా? ఈ లోపు ఇంటి దగ్గర చేయాల్సిన పనులు

క్యాంపుల్లో మమ్మల్ని ఎక్కువగా అడిగేది జీతం బకాయిల గురించి, పాస్‌పోర్ట్ గురించి. ఇంటర్ ఫలితాలు వచ్చి పిల్లలు కాలేజీలో చేరిన తర్వాత మాత్రం ఇంకో ప్రశ్న మొదలవుతుంది. "అన్నా, బిడ్డ మెరిట్ స్కాలర్‌షిప్‌కి పెట్టింది. ఐదు నెలలాయె. ఏ కబురూ లేదు. వస్తదా, రాదా?"

వస్తుందో రాదో మేం చెప్పలేం. కానీ ఒక మాట గట్టిగా చెప్పగలం. దరఖాస్తు పెట్టడంతో పని అయిపోలేదు. మేం చూసినంతలో చాలా దరఖాస్తులు ఆగిపోయేది మార్కులు తక్కువై కాదు, ఈ ఎదురుచూసే నెలల్లో ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల. తండ్రి ఇక్కడ, తల్లీ పిల్లలూ అక్కడ ఉన్న ఇళ్లలో ఇది ఇంకా ఎక్కువ.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక షట్టరింగ్ కార్పెంటర్ అన్న సంగతి వినండి. బిడ్డకు ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయి. దరఖాస్తులో ఈయన ఇండియా నంబర్ ఇచ్చారు. ఆ సిమ్‌కు రీఛార్జ్ లేక ఎప్పుడో ఆగిపోయింది. ఆదాయ సర్టిఫికెట్ ఫోటో సరిగా కనబడటం లేదని కాలేజీ వాళ్లు దరఖాస్తును వెనక్కి పంపారు. ఆ మెసేజ్ చచ్చిపోయిన సిమ్‌కు వెళ్లింది. సరిచేసే గడువు దాటాక గానీ ఇంట్లో తెలియలేదు. ఈలోగా డబ్బు వస్తుందనే ధైర్యంతో ఫీజుకూ హాస్టల్‌కూ 60,000 రూపాయలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. నెలకు 1,800 వడ్డీ. ఏడు నెలలకు 12,600. ఆ స్కాలర్‌షిప్ వచ్చి ఉంటే ఏడాదికి వచ్చేది 12,000. అంటే వచ్చినా వడ్డీకే చాలదు.

అందుకే ఈ వ్యాసం. చదివి ఇంటికి కూడా పంపండి.

ఇది ఏ స్కాలర్‌షిప్?

ఇంటర్ పాసై డిగ్రీలోనో ఇంజినీరింగ్‌లోనో చేరిన పిల్లలకు మార్కులను బట్టి కేంద్ర విద్యాశాఖ ఇచ్చేది సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో, అంటే ఎన్‌ఎస్‌పీలో దరఖాస్తు చేస్తారు. దేశం మొత్తానికి ఏడాదికి 82,000 కొత్త స్కాలర్‌షిప్‌లు ఉంటాయి. అందులో సగం ఆడపిల్లలకు. డిగ్రీ మూడేళ్లకు ఏడాదికి 12,000 రూపాయలు, పీజీలో ఏడాదికి 20,000 ఇస్తారు. బీటెక్ వాళ్లకు మొదటి మూడేళ్లు 12,000 చొప్పున, నాలుగో ఏడాది 20,000. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు దాటకూడదు. రెగ్యులర్ కోర్సు అయి ఉండాలి. దూరవిద్యకూ డిప్లొమాకూ ఇది వర్తించదు.

80 పర్సంటైల్ అంటే 80 శాతం మార్కులు కాదు

ఎక్కువ మంది పొరబడేది ఇక్కడే. "మా వాడికి 85 శాతం వచ్చింది, తప్పకుండా వస్తుంది" అంటారు. నిబంధనలో ఉన్నది శాతం కాదు, పర్సంటైల్. మీ పిల్లల బోర్డులో, వాళ్ల గ్రూపులో పాసైన ప్రతి వంద మందిలో పైనున్న ఇరవై మందిలో ఉండాలని దాని అర్థం. ఎంపీసీలో చాలామందికి మార్కులు ఎక్కువ వస్తాయి కాబట్టి అక్కడ 90 శాతం కూడా సరిపోకపోవచ్చు.

పైగా ఆ ఇరవైలో ఉన్న అందరికీ ఇవ్వరు. 18 నుంచి 25 ఏళ్ల జనాభాను బట్టి రాష్ట్రాలకు వాటా ఉంటుంది. ఆ వాటాను సైన్సు, కామర్సు, ఆర్ట్స్ గ్రూపులకు 3:2:1 చొప్పున పంచుతారు. 600 స్కాలర్‌షిప్‌లు ఉన్నాయనుకుంటే 300 సైన్సుకు, 200 కామర్సుకు, 100 ఆర్ట్స్‌కు పోతాయి. పిల్లల మార్కులను ఇంటర్ బోర్డు ఇచ్చే కటాఫ్‌తో పోల్చి చూడండి. ఎంత ఆశ పెట్టుకోవచ్చో అప్పుడే తెలుస్తుంది.

దరఖాస్తు ఇప్పుడు ఎక్కడుంది?

పిల్లలు పోర్టల్‌లోకి వెళ్లి స్టేటస్ చూడాలి. వారానికి ఒక్కసారి చాలు. అక్కడ కనిపించే మాటలకు అర్థం ఇది:

- సబ్మిట్ అయింది: ఇంకా కాలేజీ వాళ్లు చూడలేదు. పోర్టల్‌లో దరఖాస్తు గడువు వేరు, కాలేజీ ఆమోదించే గడువు వేరు. రెండో గడువు దాటితే మీ తప్పు లేకపోయినా దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది. కాలేజీలో స్కాలర్‌షిప్ పని చూసే నోడల్ అధికారిని పిల్లలు స్వయంగా కలవాలి.
- కాలేజీ వెరిఫై చేసింది: మొదటి మెట్టు అయింది. తర్వాత రాష్ట్ర స్థాయి అధికారి చూడాలి.
- డిఫెక్ట్ అని వచ్చింది: ఏదో తప్పుందని వెనక్కి పంపారు. భయపడొద్దు, కానీ ఆ రోజే కదలండి. కారణం అక్కడే రాసి ఉంటుంది. సరిచేసి గడువులోగా మళ్లీ పంపాలి.
- రిజెక్ట్ అయింది: కారణం చదివి, కాలేజీలో అడిగి తెలుసుకోండి.

రెండు మెట్లలో వెరిఫై అయినంత మాత్రాన ఎంపికైనట్టు కాదు. మెరిట్ జాబితా ఆ తర్వాతే తయారవుతుంది. "వెరిఫై అయింది" అన్న మాట చూసి అప్పు చేయకండి.

గల్ఫ్ ఇళ్లలో జరిగే నాలుగు పొరపాట్లు

ఫోన్ నంబర్: దరఖాస్తులో తండ్రి నంబర్ ఇవ్వొద్దు. మీరు డ్యూటీలో ఉండగా ఓటీపీ వస్తుంది, పది నిమిషాల్లో దాని గడువు తీరిపోతుంది. మూడు నెలలు వాడని సిమ్ ఆగిపోవచ్చు, అదే నంబర్ వేరేవాళ్లకు వెళ్లిపోవచ్చు కూడా. విద్యార్థి దగ్గరుండే నంబర్ ఇవ్వండి. ఆధార్‌కు కూడా అదే నంబర్ లింక్ చేయించండి.

బ్యాంకు ఖాతా: డబ్బు విద్యార్థి పేరున్న ఖాతాలోనే పడాలి. మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతా దీనికి పనికిరాదు. ఆధార్ ఏ బ్యాంకుకు లింక్ అయి ఉందో ఆ ఖాతాకే డబ్బు వెళ్తుంది. ఒక్కోసారి సిమ్ తీసుకున్నప్పుడు తెరిచిన పేమెంట్ బ్యాంకు ఖాతాకు లింక్ అయి ఉంటుంది, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంకు సీడింగ్ స్టేటస్ చూస్తే తెలిసిపోతుంది. ఆ ఖాతా వాడకంలో ఉందో లేదో కూడా చూసుకోండి.

పేరు: పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక. లేదా ఒక చోట పొట్టి పేరు, ఇంకో చోట పూర్తి పేరు. ఈ చిన్న తేడాకే దరఖాస్తులు వెనక్కి వస్తాయి. ఆధార్‌లో సరిచేయించడానికి రోజులు పడతాయి కాబట్టి ఇప్పుడే మొదలుపెట్టండి.

ఆదాయం: మీరు ఇక్కడ సంపాదించేది కూడా కుటుంబ ఆదాయమే. 4.5 లక్షలంటే నెలకు 37,500 రూపాయలు. మీ జీతాన్ని రూపాయల్లోకి మార్చి, ఇంటి దగ్గర వచ్చేది కలిపి లెక్క చూసుకోండి. "తండ్రికి పనిలేదు" అని రాయించి సర్టిఫికెట్ తెస్తాననే ఏజెంట్‌ను నమ్మకండి. రేపు బయటపడితే ఇబ్బంది పిల్లలకే.

ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంటే

రాష్ట్ర ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ గానీ ఇంకో స్కాలర్‌షిప్ గానీ తీసుకుంటూ ఈ కేంద్ర స్కాలర్‌షిప్ తీసుకోకూడదు. రెండింటిలో ఒకటే ఎంచుకోవాలి. ఇంజినీరింగ్ లాంటి కోర్సుల్లో రీయింబర్స్‌మెంట్ మొత్తం 12,000 కన్నా ఎక్కువ ఉండొచ్చు. మీ కాలేజీలో మీ పిల్లలకు ఎంత వర్తిస్తుందో అడిగి, కాగితం మీద రాసుకుని పోల్చండి. తెలియక రెండూ పెట్టి ఒకటి కూడా దక్కని ఇళ్లు ఉన్నాయి.

ఫీజు గడువు ముందే వస్తే

ఫీజు చేరిన రోజే కట్టమంటారు. స్కాలర్‌షిప్ డబ్బు చాలాసార్లు ఆ చదువు సంవత్సరం చివరికి గానీ రాదు. కాబట్టి ఈ ఏడాది ఫీజు లెక్కలో ఆ డబ్బును కలపకండి. వస్తే వచ్చే ఏడాది ఫీజుకో పుస్తకాలకో పనికొస్తుంది.

ముందు ప్రిన్సిపాల్‌ను కలిసి రెండు మూడు వాయిదాల్లో కడతామని రాతపూర్వకంగా అడిగించండి. నోటి మాట సరిపోదు. ఇంకా చాలకపోతే వడ్డీ వ్యాపారి దగ్గరకు పోయే ముందు బ్యాంకు విద్యారుణం గురించి అడగండి. బ్యాంకుల మోడల్ విద్యారుణ పథకంలో 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. 4.5 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకు కొన్ని సాంకేతిక, వృత్తి కోర్సుల్లో చదువుకునే కాలపు వడ్డీ కేంద్రమే భరించే పథకం కూడా ఉంది. మీ పిల్లల కోర్సూ కాలేజీ దాని కిందికి వస్తాయా అని బ్యాంకులో అడగండి.

గల్ఫ్ కార్మికుల పిల్లలకు ఇంకొకటి

కేంద్ర ప్రభుత్వం 2006-07లో ప్రవాస భారతీయుల పిల్లల కోసం ఒక స్కాలర్‌షిప్ పథకం మొదలుపెట్టింది. దాని పొట్టి పేరు ఎస్‌పీడీసీ. భారతదేశంలో డిగ్రీ చదివే 150 మందికి, ఏడాదికి గరిష్ఠంగా 4,000 డాలర్ల వరకు సాయం. ఇందులో 50 ఈసీఆర్ దేశాల్లో పనిచేసే కార్మికుల పిల్లలకు కేటాయించారు. ఆరు గల్ఫ్ దేశాలూ మలేసియా ఈసీఆర్ జాబితాలో ఉన్నాయి. ఈ ఏడాది ప్రకటన వచ్చిందా, గడువు ఎప్పుడు అనేది మీరున్న దేశంలోని భారత ఎంబసీలో గానీ కాన్సులేట్‌లో గానీ అడగండి.

ఫోన్ చేసి డబ్బు అడిగితే

ఎదురుచూసే వాళ్లకు మోసగాళ్లు వల వేస్తారు. "మీ అమ్మాయికి సాంక్షన్ అయింది, ప్రాసెసింగ్ ఫీజు 2,000 పంపండి" అంటారు, లేదా లింక్ పంపి ఓటీపీ చెప్పమంటారు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ విడుదలకు ఎవరూ ఫోన్‌లో ఫీజు అడగరు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. డబ్బు పోతే ఇంటి దగ్గర వాళ్లు వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

వస్తే, రాకపోతే

వస్తే అది ఒక్క ఏడాదికే. ప్రతి ఏటా రెన్యువల్ పెట్టాలి. కనీసం 50 శాతం మార్కులు, 75 శాతం హాజరు ఉండాలి. పిల్లలకు ఇది ముందే చెప్పండి.

రాకపోతే బిడ్డను ఒక్క మాట కూడా అనకండి. పైన చెప్పిన లెక్క చూశారు కదా, మంచి మార్కులు వచ్చిన పిల్లలు కూడా ఎంతోమంది ఆ జాబితా బయటే ఉంటారు. ఆ కార్పెంటర్ అన్న బిడ్డ వారం రోజులు తండ్రి ఫోన్ ఎత్తలేదట, తన వల్లే అప్పు అయిందని. ఆయన ఊళ్లో ఉన్న తమ్ముడి చేత ఫోన్ ఇప్పించి, "నీ మార్కులు నీవే, అప్పు నాది. చదువు ఆపకు" అని చెప్పారు. ఇప్పుడు ఆ అమ్మాయి రెండో ఏడాది చదువుతోంది. దరఖాస్తు ఏది పెట్టినా తన నంబరే ఇస్తోంది.

ఈ రోజు ఇంటికి ఫోన్ చేసినప్పుడు మూడు అడగండి. స్టేటస్ ఏముంది? ఆధార్‌కు ఏ బ్యాంకు లింక్ అయింది? కాలేజీలో ఎవరిని కలిశావు? జవాబు తెలియకపోతే పని అక్కడి నుంచి మొదలుపెట్టించండి.