సంకేతాల సౌభ్రాత్రం: భారతదేశంలో ఔత్సాహిక రేడియో

ఔత్సాహిక రేడియో నిర్వాహకుల లోకంలో వయోభేదం లేదు. ఇరవై ఏళ్ల విద్యార్థి అయినా, ఉద్యోగ విరమణ చేసిన ఇంజనీరు అయినా తోటివారికి ‘ఓల్డ్ మ్యానే’. సంభాషణ ముగిసేటప్పుడు ‘73’ అంటే శుభాకాంక్షలు అని అర్థం. మరణించినవారిని ‘సైలెంట్ కీ’ అని, అంటే మౌనం వహించిన మోర్స్ మీట అని స్మరించుకుంటారు. జీవితకాలంలో ఒక్కసారైనా ముఖాముఖి కలుసుకోని ఇద్దరు వ్యక్తులు దశాబ్దాల తరబడి మిత్రులుగా ఉండటం ఈ బృందంలో సర్వసాధారణం. ఒకరినొకరు గుర్తించేది పేరుతో కంటె ముందు, ప్రభుత్వం కేటాయించిన అక్షరాలు, అంకెలు కలిసిన పిలుపు సంకేతంతో.

ప్రభుత్వం కేటాయించినది అన్నమాటలోనే ఈ చరిత్రకు కీలకం ఉంది. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం సందేశ ప్రసారాన్ని రాజ్యాధికారపు గుత్తసొత్తుగా చేసింది. ఆ చట్టం నీడలోనే, 1921లో అమరేంద్ర చంద్ర గుప్తు ‘2 జె.కె.’ అనే సంకేతంతో భారతదేశపు తొలి ఔత్సాహిక నిర్వాహకుడయ్యారు. అదే సంవత్సరం ముకుల్ బోస్ ‘2 హెచ్.క్యు.’గా రంగంలోకి రావటంతో దేశంలో ఇరుపక్షాల సంభాషణ మొదలయింది. ఒంటరి మనిషికి ప్రసారయంత్రం ఎంత ఉన్నా ఏమి ప్రయోజనం? బదులు పలికే రెండవ వ్యక్తి వచ్చిననాడే అది సోదర బృందం అనిపించుకుంటుంది. 1929లో ‘వి.యు.’ అనే ఉపసర్గ భారతీయ సంకేతాలకు స్థిరపడింది.

1939లో యుద్ధం ముంచుకురాగానే పాలకుల దృష్టి మారిపోయింది. కొత్త లైసెన్సులు నిలిచిపోయాయి. ప్రసారయంత్రాలను పోలీసులకు అప్పగించవలసిందిగా లైసెన్సుదారులకు ఆదేశాలు వెళ్లాయి. ఆ అనుమానం పూర్తిగా నిరాధారమైనదీ కాదు. 1942 ఆగస్టు 27న బొంబాయిలో ఉషా మెహతా, ఆమె సహచరులు 42.34 మీటర్లపై రహస్య కాంగ్రెస్ రేడియోను ప్రారంభించారు. పోలీసులకు చిక్కకుండా యంత్రాన్ని ఇంటి నుంచి ఇంటికి మారుస్తూ, నవంబరు 12న పట్టుబడేవరకు వార్తలు వినిపించారు. ఉషా మెహతాకు నాలుగేళ్ల కారాగారశిక్ష పడింది. దానిని ఔత్సాహిక కేంద్రం అనటం సరికాదు, అది ఉద్యమ ప్రసారం. అయితే ఇంట్లో అమర్చుకోగల చిన్న యంత్రం ఎంత పని చేయగలదో అది పాలకులకు చూపించింది. స్వతంత్ర ప్రభుత్వం కూడా ఆ పాఠాన్ని మరచిపోలేదు.

లైసెన్సులు 1946లో తిరిగి మొదలయ్యాయి. 1948లో మౌలోని సైనిక సంకేత పాఠశాలలో ఒక ఔత్సాహిక క్లబ్ ఏర్పడింది. తరువాత ఢిల్లీకి తరలివెళ్లిన జాతీయ సంఘానికి అదే మూలం. 1983లో హైదరాబాదులో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ వెలసింది. పరీక్ష, పోలీసు విచారణ, ఆపైన షరతులు: వ్యాపార వార్తలు పంపరాదు, ఇతరుల తరఫున సందేశాలు చేరవేయరాదు. ప్రకృతి వైపరీత్యాల వేళ మాత్రమే ఈ రెండవ నిషేధానికి సడలింపు. ఈ చిన్న మినహాయింపు విలువ కాగితం మీద తెలియదు. 2004లో తెలిసింది.

అండమాన్ నికోబార్ దీవులు రక్షణపరంగా సున్నితమైనవి. 1987 తరువాత అక్కడినుంచి ఔత్సాహిక ప్రసారం జరగలేదు. అందుచేత ప్రపంచమంతటా ఉన్న నిర్వాహకులకు ఆ దీవులతో ఒక్క సంభాషణ జరపటం అపురూపమైన కోరికగా మిగిలింది. సుదీర్ఘ ప్రయత్నం అనంతరం అనుమతి సంపాదించిన హైదరాబాదు సంస్థ, భారతీ ప్రసాద్ నాయకత్వాన ఒక బృందాన్ని పోర్ట్ బ్లెయిర్ పంపింది. డిసెంబరు ఆరంభం నుంచి ‘వి.యు.4 ఆర్.బి.ఐ.’ అనే ఆమె సంకేతాన్ని అందుకోవటానికి ఖండాంతరాల నుంచి పిలుపులు వెల్లువెత్తాయి. అది అచ్చంగా వినోదమే. ఎన్ని దూరాలు, ఎన్ని సంభాషణలు అన్న లెక్కలే.

డిసెంబరు 26, ఆదివారం, ఉదయం ఆరున్నర గంటల వేళ భూమి కంపించింది. ఆ వెనువెంటనే సముద్రం విరుచుకుపడింది. విద్యుత్తు, టెలిఫోన్లు దెబ్బతిన్నాయి. లెక్కలు ఆగిపోయాయి. అంతవరకు పిలుపుల కోసం పోటీపడినవారు మౌనం దాల్చి, తరంగాలను అత్యవసర సందేశాలకు విడిచిపెట్టారు. ప్రధాన భూభాగంలోని నిర్వాహకులు వంతులవారీగా వింటూ, దీవుల నుంచి అందిన క్షేమవార్తలను ఆయా కుటుంబాలకు టెలిఫోనులో తెలిపారు. బృంద సభ్యులు కార్ నికోబార్ చేరి అక్కడ కూడా కేంద్రం నెలకొల్పారు. “మావాడు బతికే ఉన్నాడా?” అన్న ఒకే ప్రశ్న వేర్వేరు పేర్లతో వచ్చింది. జవాబు అన్నిసార్లూ శుభమే కాలేదు. మామూలు రోజులలో నిషిద్ధమైన పని, పరాయివారి మాట మోయటం, ఆ వారాలలో వారి ఏకైక కర్తవ్యమయింది.

పదిహేడేళ్లు మూసి ఉంచిన తలుపును అధికారులు ఆ డిసెంబరులో తెరవకపోయి ఉంటే, ఆ ఉదయం పోర్ట్ బ్లెయిర్‌లో ఆ యంత్రాలూ ఉండేవి కావు, వాటిని నడపగల చేతులూ ఉండేవి కావు. దీనిని ముందుచూపు అనటం అతిశయోక్తి. కాకతాళీయంగా జరిగినదే. కానీ ఆ ఉత్తర్వుపై సంతకం ఎవరో ఒక అధికారి చేసినదే.

నాలుగు నెలలు దాటిన తరువాత, 2005 మే 5న, శ్రీహరికోట నుంచి పి.ఎస్.ఎల్.వి. వాహనం కార్టోశాట్-1తోపాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను కక్ష్యలోకి చేర్చింది. అందులో సంకేతాలను అందుకుని తిరిగి పంపే పరికరాలు రెండు: ఒకటి భారతీయుల నిర్మాణం, మరొకటి నెదర్లాండ్స్ ఔత్సాహికుని కృషి. బ్యాటరీలు విఫలమై 2014 జూలైలో అది మూగబోయేవరకు, ఏ దేశపు నిర్వాహకుడైనా రుసుము లేకుండా దాని మీదుగా తన ‘73’ పంపుకోగలిగాడు.